బెరిబెరి కథ: తవుటిలో దాగిన ప్రాణము



మన యిండ్లలో పొయ్యి రాజినదనగా అన్నమునకు ఎసరు పెట్టినారనియే అర్థము. పిల్లలు ఆకలి యన్నను, చుట్టము గడప ద్రొక్కినను, మొదట మన చేయి పోవునది బియ్యపు డబ్బా మీదికే. ఆ బియ్యమును చేటలో పోసి, రాళ్లేరి, మూడు నాలుగు మారులు నీళ్లు మార్చి కడిగి, ఎసటిలో వేసి, ఉడికినపిదప గంజి వార్చి, మల్లెమొగ్గలవలె పొడిపొడిగా నున్న తెల్లని అన్నమును వడ్డించిన యిల్లాలిని అందరును మెచ్చుకొందురు. కడుగునీళ్లును గంజియును కుడితి తొట్టిలోనికి పోవును. తవుడు మర దగ్గరనే నిలిచిపోవును. వానిని గూర్చి విచారించువా రెవరు?

ఐనను ఆ పారవేసినదానిలోనే ఎందరివో ప్రాణములు దాగియుండెను. ఈ సంగతి తేలుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది. ఒక నౌకాదళ వైద్యుడు, కొన్ని కోళ్లు, ఒక పట్టుదలగల వంటవాడు, చెరసాలలలోని ఖైదీలు, తల్లిపాలు త్రాగు పసికందులు, తుదకు మన నెల్లూరిలో పుట్టిన యొక రసాయన శాస్త్రజ్ఞుడు, వీరందరును ఆ కథలోని పాత్రలే. వంటయిల్లు చేతిలో నున్న మనము తెలిసికొనదగిన కథ యగుటచే దానిని మేమిచ్చట వివరించుచున్నాము.

జాడ్యపు తీరు

బెరిబెరి యనునది వరి యన్నమే ముఖ్యాహారముగా గల తూర్పు దేశములను తరతరములుగా వేధించిన జాడ్యము. మొదట కాళ్లు బరువెక్కును. పాదములు తిమ్మిరి పట్టి మండును. పిక్కలు నొక్కినచో నొప్పి పుట్టును. గొంతుకూర్చుండిన మనిషి చేయి ఊతగా పెట్టుకొనక లేవజాలడు. కొందరికి కండలు కరగి కాళ్లు పుల్లలవలె నగును. దీనిని పొడి బెరిబెరి యందురు. మరికొందరికి కాళ్లు నీరు పట్టి, ఆయాసము హెచ్చి, గుండె బలహీనమై, నిన్నటివరకు తిరుగుచుండిన మనుష్యుడు నేడు హఠాత్తుగా మరణించును. ఇది తడి బెరిబెరి.

మన తెలుగుసీమకు ఈ పేరు క్రొత్తది కాదు. చెన్నపట్టణపు దొరతనమువారి కొలువులో నుండిన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ అను వైద్యుడు 1835 లోనే బెరిబెరిని గూర్చి యొక గ్రంథము వ్రాసెను. ఉత్తర సర్కారులని పిలువబడిన మన సముద్రతీరపు జిల్లాలలో ఈ రోగము మెండుగా నుండుటను వైద్యులు నూరేండ్లకు పైగా చూచుచునే యుండిరి. కారణము మాత్రము వారి కంతుపట్టలేదు. చిత్తడినేల యని కొందరును, చెడుగాలి యని కొందరును తలచిరి.

1880 ప్రాంతమునకు యూరపులో పాశ్చర్, కోక్ అను పండితులు రోగములు పుట్టించు సూక్ష్మజీవులను ఒక్కొక్కదానినే కనుగొనుచుండిరి. అందుచే ప్రతి రోగమునకును ఒక క్రిమియో ఒక విషమో కారణమై యుండవలెనను నమ్మకము వైద్యలోకమున పాతుకొనిపోయెను. రోగ మనగా బయటినుండి లోపలికి వచ్చినది. లోపల ఉండవలసినది లేకపోవుటచే కూడ రోగము రాగలదన్న మాట ఎవరి యూహకును అందలేదు. ఉన్నదానిని వెదకుట తెలియునుగాని లేనిదానిని వెదకుట ఎట్లు? ఈ కథలోని చిక్కంతయు అదియే.

రెండు ఓడలు, ఒకే దారి

ఆ కాలమున జపాను నౌకాదళములో ఏటేట సుమారు ముగ్గురు నావికులలో ఒకరు బెరిబెరి పాలగుచుండిరి. దళ వైద్యుడైన టకాకి కనెహిరో లండను నగరమున సెయింట్ థామస్ ఆసుపత్రిలో చదివి 1880 లో స్వదేశమునకు మరలెను. ఆయన రోగులను మాత్రమే చూచి యూరకుండక, వారు తిను పళ్లెమును గూడ చూచెను. అధికారులకు రోగము తక్కువ, సామాన్య నావికులకు ఎక్కువ. నావికులు తమ తిండికై యిచ్చిన రొక్కమును మిగిల్చి యింటికి పంపుకొనుచు, కేవలము తెల్లని అన్నముతోనే కడుపు నింపుకొనుచుండిరి.

1882 లో బయలుదేరిన ర్యూజో అను శిక్షణ నౌక న్యూజిలాండు, దక్షిణ అమెరికా, హవాయి ద్వీపముల మీదుగా తిరిగి 1883 లో స్వదేశము చేరెను. అందున్న 376 మందిలో 169 మందికి బెరిబెరి సోకెను. 25 మంది మరణించిరి. టకాకి ప్రభుత్వమును ఒప్పించి, 1884 లో త్సుకుబా అను మరొక నౌకను అదే దారిని పంపించెను. మార్చినది ఆహారము మాత్రమే. అన్నము తగ్గించి మాంసము, రొట్టె, పాలు, కూరలు పెట్టించెను. ఆ ప్రయాణమున ఒక్క ప్రాణమైనను పోలేదు. జబ్బుపడినవారు ఇరువదికి లోపే. వారిలోను పెక్కురు ఆ క్రొత్త తిండిని సరిగా తిననివారే. అటుపిమ్మట నావికులకు అన్నములో బార్లీ కలిపి పెట్టసాగిరి. కొలది సంవత్సరములలోనే నౌకాదళమునుండి బెరిబెరి దాదాపుగా వెడలిపోయెను.

ఐనను టకాకి గ్రహించిన కారణము సరియైనది కాదు. ఆహారములో మాంసకృత్తులు చాలకపోవుటయే రోగమూల మని ఆయన తలచెను. మందు దొరికినది, కాని కారణము దొరకలేదు. కారణము చెప్పలేని మందును పండితులు లెక్కచేయరు. బెరిబెరి క్రిమివలననే వచ్చునని నమ్మిన జపాను పదాతి సైన్యపు వైద్యులు టకాకి మాట వినక సైనికులకు తెల్లని బియ్యమునే పెట్టుచు వచ్చిరి. 1904–05 లో రష్యాతో జరిగిన యుద్ధమున ఆ సైన్యములో బెరిబెరి వలననే ఇరువది వేలకు పైగా మరణించిరి. తుపాకిగుండు తగులక, పళ్లెములోని అన్నమువలన పోయిన ప్రాణములవి.

వంటవాడు నేర్పిన పాఠము

డచ్చివారి యేలుబడిలో నుండిన జావా ద్వీపమున, నేడు జకార్తా యనబడు బటేవియా నగరములో, అదే కాలమున మరొక పరిశోధన సాగుచుండెను. బెరిబెరి క్రిమిని పట్టుకొనుటకై 1886 లో హాలండునుండి వచ్చిన వైద్యులతోడ క్రిస్టియాన్ ఐక్‌మన్ అను యువకుడు కూడ వచ్చెను. తక్కినవారు మరలిపోయినను ఆయన నిలిచి, సైనిక ఆసుపత్రి యావరణములోని చిన్న ప్రయోగశాలకు అధిపతి యయ్యెను.

ఐక్‌మన్ కోళ్లను పెంచి, కొన్నిటికి రోగుల రక్తము నెక్కించి, కొన్నిటిని ఊరక విడిచి, క్రిమి యెట్లు పాకునో చూడదలచెను. 1889 లో కోళ్లకు జబ్బు చేసెను. కాళ్లు తడబడి, మెడలు వాలి, నడువలేక కూలుచుండెను. అది చూచుటకు బెరిబెరివలెనే యుండెను. అయితే విచిత్రమేమనగా, రక్తమెక్కించిన కోళ్లతో పాటు ఏమియు చేయని కోళ్లకును అదే గతి పట్టెను. వేరే దొడ్డిలో ఉంచినవియు కూలెను. ఆయన యింకను తికమకపడుచుండగా, కొన్ని నెలలకు, నవంబరు చివర, జబ్బు తనంతట తానే మాయమైపోయెను. కూలిన కోళ్లు లేచి తిరుగసాగెను.

కారణ మేమని ఆరా తీయగా వంటయింటి సంగతి బయటపడెను. కోళ్లను చూచు నౌకరు ఖర్చు కలిసివచ్చునని ఆసుపత్రి వంటశాలనుండి మిగిలిన తెల్లని అన్నమును తెచ్చి వానికి పెట్టుచుండెను. ఇంతలో వంటవాడు మారెను. క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల కొరకైన అన్నమును సైన్యమునకు చెందని కోళ్లకు పెట్టుట కూడదని నిరాకరించెను. నౌకరు చేసేది లేక మరల చవుకరకపు ముడిబియ్యమును కొనితెచ్చి పెట్టెను. కోళ్లు కోలుకొనినవి!

ఐక్‌మన్ దీనిని కాకతాళీయమని త్రోసివేయలేదు. మరల మరల పరీక్షించెను. తెల్లని బియ్యము పెట్టినచో కోళ్లు జబ్బుపడుచుండెను. ఆ బియ్యమునకే తవుడు కలిపి పెట్టినచో కోలుకొనుచుండెను. అయినను క్రిమి, విషము అను నాటి భావములనుండి ఆయనయు తప్పించుకొనలేకపోయెను. తెల్లని బియ్యపు పిండిలో ఒక విషమున్నదనియు, ఆ విషమునకు విరుగుడు గింజపై పొరలో నున్నదనియు ఆయన తీర్మానించెను.

ఖైదీల బియ్యము

కోళ్లకు జరిగినది మనుష్యులకును జరుగునా? ఈ ప్రశ్నకు బదులు చెప్పినవాడు ఐక్‌మన్ మిత్రుడును, జావా ఆరోగ్యశాఖలో తనిఖీదారుడును అగు ఆడాల్ఫ్ వోర్డర్‌మన్. 1896–97 లో ఆయన జావా, మదురా ద్వీపములలోని 101 చెరసాలల లెక్కలు తీసెను. వానిలోనుండిన ఖైదీలు సుమారు 2,80,000 మంది. ఆ దేశపు చెరసాలలలో ఒక్కొక్కచోట ఒక్కొక్క విధమైన బియ్యము వాడుచుండుట ఆయనకు కలిసివచ్చెను. పైపొర పోని ముడిబియ్యము పెట్టిన చెరసాలలు 37 ఉండగా బెరిబెరి కనబడినది ఒక్కదానిలోనే. తెల్లని బియ్యము పెట్టినవి 51 ఉండగా 36 చెరసాలలలో బెరిబెరి యుండెను. కట్టడము పాతదా క్రొత్తదా, గాలి యాడునా ఆడదా, ఖైదీలు కిక్కిరిసి యున్నారా లేదా యని కూడ ఆయన విచారించెను. వేనితోను రోగమునకు పొంతన కుదురలేదు.

ఐక్‌మన్ అనారోగ్యముచే 1896 లో స్వదేశమునకు పోగా, గెరిట్ గ్రైన్స్ అను వైద్యుడు ఆ పని చేపట్టెను. ఆయన కోళ్లకు అన్నమే పెట్టక, మిక్కిలి వేడిమిలో చిరకాలము ఉడికించిన మాంసమును పెట్టి చూచెను. వానికిని అదే జబ్బు వచ్చెను! మాంసములో బియ్యపు పిండి యెక్కడిది? పిండియే లేనిచోట పిండిలోని విషమను మాటకు తావెక్కడ? అదిగాక, తవుడే కాదు, పెసలు పెట్టినను కోళ్లు కోలుకొనుచుండుటను ఆయన కనిపెట్టెను. కావున తెల్లని బియ్యములో విషమేదియు లేదనియు, తవుటిలోను పెసలలోను ఉండి తెల్లని బియ్యములో లేని యేదో యొక సూక్ష్మపదార్థము నరములకు అత్యవసరమనియు, అది లేకపోవుటయే రోగమనియు 1901 లో గ్రైన్స్ ప్రకటించెను.

చూచితిరా! లేనిది కూడ కారణము కాగలదను మాట లోకమునకు తెలియుట కింత కాల మయ్యెను.

మలయా దేశమునను ఇదే సంగతి రుజువయ్యెను. అచ్చట చీనా కూలీలు సయాముపు తెల్లని బియ్యము తిని బెరిబెరి పాలగుచుండగా, ఉప్పుడు బియ్యము తిను తమిళ కూలీలు క్షేమముగా నుండిరి. 1905 లో కౌలాలంపూరు పిచ్చియాసుపత్రిలో విలియం ఫ్లెచర్ అను వైద్యుడు రోగులను రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు తెల్లని పచ్చిబియ్యమును, రెండవ వర్గమునకు ఉప్పుడు బియ్యమును పెట్టించెను. మొదటి వర్గములో 18 మంది బెరిబెరితో మరణించిరి. రెండవ వర్గములో ఒక్కరును మరణింపలేదు. దోషము గదులలో నున్నదేమోనని వర్గముల వసతులను తారుమారు చేసినను ఫలితము మారలేదు. ధాన్యమును ఊకతోనే నానబెట్టి ఆవిరిపై ఉడికించునప్పుడు పైపొరలోని సారము గింజ లోపలికి దిగును. అందుచే తరువాత మర పట్టినను అదంతయు పోదు. మన పెద్దలకు ఈ శాస్త్రము తెలియకపోయినను, ఉప్పుడు బియ్యమను అలవాటు మాత్రము తెలియును.

తల్లిపాల మీది నింద

ఇంతవరకు మేము పెద్దవారి మాట చెప్పితిమి. బెరిబెరి తీసికొనిపోయినవారిలో పసిబిడ్డల సంఖ్య తక్కువది కాదు. రెండు మూడు నెలల బిడ్డ బొద్దుగా కళకళలాడుచుండి, ఉన్నట్టుండి పాలు మానును. పాలు కక్కును. ఏడ్చుటకు నోరు తెరచును గాని గొంతు పెగలదు. పెదవులు నల్లబడి, ఊపిరి అందక, కొన్ని గంటలలోనే కన్ను మూయును. తల్లికి చూడబోయిన పెద్ద జబ్బేమియు కానరాదు. బాలగ్రహమనియు, దిష్టి యనియు తలచుటయే తప్ప ఇంటివారి కేమి తెలియును?

జపాను వైద్యులు ఇట్టి బిడ్డలకు తల్లిపాలు మాన్పించినచో కోలుకొనుచుండుటను చూచిరి. 1912 లో ఫిలిప్పీను దేశమున ఆండ్రూస్ అను వైద్యుడు, ఈ జబ్బుతో బిడ్డలు పోయిన తల్లుల పాలను కుక్కపిల్లలకు పట్టించి చూడగా వానికిని జబ్బు చేసెను. తల్లిపాలే బిడ్డకు విషమైనవను భావము దీనివలన బలపడెను. కడుపుశోకముతో నున్న తల్లికి అంతకంటె క్రూరమైన మాట వేరొకటి యుండునా?

అది సత్యము కాదు. తల్లి తినునది తెల్లని అన్నమే యైనప్పుడు ఆమె శరీరములోనే ఆ సారము కొరవడును. పాలలోనికి అది దిగదు. పాలలో విషము లేదు, పాలలో ఒక్కటి లేదు. మనీలా నగరమున ఎడ్వర్డ్ వెడ్డర్ మొదలగు వైద్యులు తవుటి కషాయమును చుక్కలుచుక్కలుగా బిడ్డలకు పట్టించి చూచిరి. ప్రాణము పోవుచున్న బిడ్డ కొన్ని గంటలలోనే తేరుకొని పాలు త్రాగుచుండెను. తల్లిపాలు మానుపవలసిన పని లేకపోయెను. తల్లిమీది నిందను తుడిచివేసినది పశువులకు పెట్టు తవుడే.

నెల్లూరిలో పుట్టినవాడు

ఆ కషాయమును వెడ్డరు 1910 లో ఒక యువ రసాయన శాస్త్రజ్ఞుని చేతి కిచ్చి, ఇందులోని ప్రాణము పోయు పదార్థమేదో కనిపెట్టుమని కోరెను. ఆ యువకుడే రాబర్ట్ ఆర్. విలియమ్స్. బాప్టిస్టు మిషనరీలగు తల్లిదండ్రులకు 1886 లో మన నెల్లూరిలో పుట్టినవాడు.

ఆ పని అంత సులభముగా తెమలలేదు. 1912 లో లండనులో కాసిమిర్ ఫంక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పదార్థములకు 'విటమిన్' అని పేరు పెట్టెను. ఆ పేరులోని మొదటి భాగమునకు లాటిను భాషలో ప్రాణమని యర్థము. 1926 లో బటేవియాలో జాన్సెన్, డోనాత్ అను నిరువురు వందలకొలది కిలోల తవుటిని వడగట్టి, తుదకు చిటికెడైనను కాని స్ఫటికములను తీయగలిగిరి. విలియమ్స్ అమెరికాకు మరలి టెలిఫోను సంస్థ యొక్క ప్రయోగశాలలో ఉద్యోగము చేయుచు, తీరిక వేళలలో ఈ పరిశోధనను విడువక సాగించెను. 1936 లో ఆ పదార్థపు నిర్మాణమును తేల్చి, దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగెను. మనీలాలో కషాయపు సీసా పుచ్చుకొన్న నాటినుండి 26 ఏండ్లు! దానికి థయమిన్ అను పేరు పెట్టినవాడును ఆయనయే. బి1 విటమిన్ అనియు దానినే అందురు. ఆ కనుగొనుటవలన వచ్చిన సొమ్ములో పెద్దభాగమును ఆహారలోప రోగములను రూపుమాపు నిధికి ఆయన ఒప్పగించెను.

ఐక్‌మన్‌కు 1929 లో నోబెల్ బహుమానము లభించెను. గ్రైన్స్‌కు అందు భాగము దక్కలేదు. ఇక ఆ మొండి వంటవాని పేరును తలచువారే లేరు.

మన సర్కారు జిల్లాల సంగతి

బియ్యము తినువారు దేశమంతట నుండగా, బెరిబెరి మన తెలుగు తీరముననే యేల అధికముగా నుండెను? తమిళ దేశమునను మలయాళ దేశమునను సామాన్యజనము ఉప్పుడు బియ్యము తిందురు. మన తీరపు జిల్లాలలో పచ్చిబియ్యమునందే మక్కువ. ఆ పచ్చిబియ్యమును మరలో తెల్లగా పట్టించి, పలుమారులు కడిగి, గంజి వార్చి తిన్నచో సారము మూడుచోట్ల జారిపోవును. రోకటిపోటుకైనను మితము తప్పినచో ఇంతే. తవుడంతయు రాలువరకు దంచిన బియ్యము మరబియ్యముకంటె మేలు కాదు.

నీలగిరులలోని కూనూరున ఆహార పరిశోధనాలయమును నెలకొల్పిన రాబర్ట్ మెకారిసన్ 1924 లో బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చి తన పరిశోధనలను ప్రకటించెను. ఆయన తరువాత వచ్చిన ఎయిక్రాయిడ్, తన సహచరుడగు కృష్ణన్‌తో కలిసి 1941 లో మన తీరపు జిల్లాల శిశుమరణముల లెక్కలను పరిశీలించెను. రెండు నెలలు మొదలు ఐదు నెలలవరకు గల పసివారి మరణములు ఈ జిల్లాలలో ఇతర ప్రాంతములకంటె అధికముగా నుండెనని తేలెను. శిశువుల బెరిబెరి కాటువేయు వయస్సు సరిగా అదియే! బాలగ్రహమని యేడ్చి ఊరకుండిన యిండ్లెన్నియో ఎవరు చెప్పగలరు? ఆ కూనూరు పరిశోధనాలయమే 1958 లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేర వర్ధిల్లుచున్నది.

మనము చేయదగినది

మనము తిను పిండిపదార్థమును శరీరము శక్తిగా మార్చుకొనుటకు థయమిన్ కావలెను. పొయ్యినిండ కట్టెలున్నను నిప్పు లేనిదే మండవు గదా! అన్నము కట్టెయైనచో థయమిన్ నిప్పువంటిది. ఎంత యెక్కువ అన్నము తిన్నచో అంత యెక్కువగా అది కావలెను. ఎడతెగక పనిచేయు గుండెకును, నరములకును మొదట దెబ్బ తగులుట అందుచేతనే. శరీరములో దీని నిలువ 30 మిల్లీగ్రాముల పాటిదే. పైనుండి రానిచో రెండు మూడు వారములలో తరిగిపోవును.

పోషకాహార సంస్థవారి పట్టికల ప్రకారము 100 గ్రాముల మరపట్టిన పచ్చిబియ్యములో 0.06 మిల్లీగ్రాముల థయమిన్ ఉండును. దంపుడు బియ్యములో 0.21, మరపట్టిన ఉప్పుడు బియ్యములోను 0.21. తవుటిలోనో, 2.7! పెద్దవారికి దినమునకు ఒక మిల్లీగ్రామునకు కొంచెము పైగా కావలెను. 400 గ్రాముల తెల్లని బియ్యము తిన్నవానికి దానివలన లభించునది 0.24 మాత్రమే. అదియును కడుగకముందు, గంజి వార్చకముందు చెప్పిన లెక్క. అదే దంపుడు బియ్యమైనచో 0.84 లభించును.

తెల్లని బియ్యమును కోరిన మన యిల్లాండ్రను మేము తప్పుపట్టుట లేదు. దంపుడు బియ్యము ఎక్కువ దినములు నిలువయుండదు, పురుగు పట్టును, ఉడుకుట ఆలస్యము. తెల్లని బియ్యము చూడ ముచ్చట, వండ సులభము. నేడు మన పళ్లెములలో పప్పు, పాలు, కూరలు, వేరుసెనగలు చేరుటచే బెరిబెరి మునుపటివలె కానవచ్చుట లేదు. ఐనను అది పూర్తిగా పోయినదని తలపరాదు. కాశ్మీరమున ఇటీవలి సంవత్సరములలో కూడ వైద్యులు పసిబిడ్డలలో ఈ జబ్బును చూచిరి. బాగుగా కడిగిన తెల్లని అన్నమునే తినుచు, బాలింత పథ్యమని తక్కిన పదార్థములను మానిన తల్లుల బిడ్డలు వారు.

ఈ మాటను మనము చెవిని పెట్టవలెను. మన యిండ్లలోను బాలింతకు పథ్యమను పేర కూర వలదు, పప్పు వలదు, పండు వలదు అని అన్నమును కారప్పొడిని మాత్రమే పెట్టు ఆచారము అచ్చటచ్చట నున్నది. అత్తగారైనను, అమ్మయైనను కోడలి మేలు, కూతురి మేలు కోరియే అట్లు చేయుదురు. కాని పాలిచ్చు తల్లి పళ్లెములో లేనిది బిడ్డ నోటికి చేరదని ఈ కథ యంతయు చెప్పుచున్నది. బాలింతకు పెసరకట్టు, పప్పు, ఆకుకూర, పాలు తప్పక పెట్టవలెను. గర్భవతి వాంతులచే కొన్ని వారములు ఏమియు తినలేకయున్నప్పుడును, పసిబిడ్డ గొంతు పెగలక యేడ్చునప్పుడును, పాలు మాని ఆయాసపడునప్పుడును ఇంటివైద్యములతో కాలము గడపక వెంటనే వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. సకాలమున థయమిన్ ఇచ్చినచో గంటలలో గుణము కనబడును. మితిమీరి మద్యము త్రాగు వారికిని ఈ లోపము కలుగును గాన వారి యింటివారును జాగ్రత్త పడవలెను.

ఇక నిత్యపు వంట మాట. వీలున్నవారు దంపుడు బియ్యమో ఉప్పుడు బియ్యమో వాడుట మేలు. తెల్లని బియ్యమే వాడువారు శుభ్రమైన బియ్యమును ఒకటి రెండు నీళ్లకంటె ఎక్కువ కడుగక, గంజి వార్చక, నీరు సరిపోవునట్లు పోసి అత్తెసరు పెట్టి వండుకొనవచ్చును. గంజి వార్చుట అలవాటైనవారు దానిని పారబోయక చారులో కలుపుకొనవచ్చును, ఉప్పు వేసికొని త్రాగనూవచ్చును. మన అమ్మమ్మల యిండ్లలో గంజి తరవాణి కుండలోనికి పోయెడిది. అందుచే ఆ సారములో కొంతయైనను ఇంటివారికి దక్కుచుండెను. పెసలును, కందిపప్పును, వేరుసెనగలును అన్నమునకు తోడుగా నుండిన పళ్లెమున బెరిబెరికి చోటు లేదు.

వంటయిల్లు చిన్నదనియు, అచ్చటి పని అల్పమైనదనియు అనువా రున్నారు. ఇరువది వేలమంది సైనికులను కాపాడలేకపోయినది ఆ వంటయింటి జ్ఞానము లేకపోవుటయే. ఎందరో తల్లుల యొడి నింపినది ఆ వంటయింటి చెత్తలో పారవేసిన తవుడే. కడుపున పుట్టిన బిడ్డను పోగొట్టుకొని, నా పాలే చెడ్డవి కాబోలునని జన్మమంతయు కుమిలిన తల్లులకు ఈ సంగతి చెప్పువారు ఆనాడు లేకపోయిరి. నేడు మనకు తెలిసినది. దీనిని మన కోడండ్రకు, కూతుండ్రకు, ఇరుగుపొరుగు బాలింతలకు చెప్పుట మన విధి.